చనిపోయిన ముసలివాడికి వన్స్ మోర్

కువైట్ వచ్చాక నేను చేసిన తప్పుల్లో చెప్పుకోదగ్గది ఒకటే. ఓ శుక్రవారం సాయంత్రం, ఒక ఇంగ్లీషు బడి హాల్లో జనమంతా కిక్కురుమనకుండా నాటకం చూస్తుంటే, వెనక వరసలోంచి "వన్స్ మోర్" అని కేక పెట్టాను.

ఆ నాటకం రాసిందీ, ఆడించిందీ, అందులో ముసలివాడి వేషం కట్టిందీ మా సారే. నేను ఆయన డ్రైవర్ని. ఆయన ఇంగ్లండులో సముద్రం ఒడ్డున చేపలమ్మేవాళ్ల ఇంట్లో పుట్టాడు. పదహారేళ్లకి నాటకాల హాల్లో కుర్చీలు తుడిచే పనిలో చేరాడట. ఇరవై రెండేళ్లకి మొదటి నాటకం రాస్తే ఎనిమిది మంది చూశారట, అందులో నలుగురు ఇంటివాళ్లే. ఇవన్నీ ఆయన నవ్వకుండా చెప్పేవాడు, స్టీరింగ్ పట్టుకుని నవ్వలేక నేను చచ్చేవాణ్ణి. తర్వాత పెద్ద పెద్ద హాళ్లలో ఆడే నాటకాలు రాశాడు, ఇంకెందరివో ఆడించాడు. భార్య పోయాక రాయడం మానేశాడు. పిల్లలకి నాటకం నేర్పే ఉద్యోగం ఒప్పుకుని ఈ ఎండల్లోకి వచ్చిపడ్డాడు.

సగంలో ఆగిపోయిన నాటకం ఒక్కటి మిగిలింది. అది ఆడించేసి ఇక ఖలాస్ అన్నాడు. ఆ మాట ఆయనకి నేర్పింది నేనే కాబట్టి నాకు ఇంకాస్త మండింది. అంత పనిమంతుడు చేతులు కట్టుకు కూర్చుంటానంటే నాకు నచ్చలేదు.

ఆయన కాగితం ముట్టేవాడు కాదు. కారులోనే మాటలు కట్టుకునేవాడు, పెళ్లాం వేషం నాది. రింగ్ రోడ్డు మీద బళ్లు ఆగిపోతే మేమిద్దరం మొగుడూ పెళ్లాల్లా పోట్లాడుకునేవాళ్లం. పక్క కారువాళ్లు అద్దం దించి మరీ చూసేవాళ్లు. అలా నాటకమంతా నాకు నోటికి వచ్చేసింది. చివరి మాటలే ఆయనకి కుదరలేదు. చనిపోయిన భార్య కుర్చీవైపు చూసి ముసలివాడు ఏదో అనాలి, అని ప్రాణం వదలాలి. ఎన్ని నెలలు తిప్పినా "తలుపు తీసే ఉంచాను" అన్న దగ్గరే ఆగిపోయాడు.

"ఇందులో జీవం లేదు," అనేవాడు.

"నాకు బాగానే ఉందండి," అనేవాణ్ణి. నా మాట ఎవరిక్కావాలి?

ఆ శుక్రవారం ఆయన కుర్చీవైపు తిరిగి ఆ మాటే అన్నాడు. గొంతు కాస్త వణికింది. మెల్లగా ఒరిగిపోయాడు. నాకు ఒళ్లు తెలియలేదు. కోనసీమలో మా నాన్న పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. మా వైపు పద్యం నచ్చితే జనం ఒక్కసారితో వదలరు. యుద్ధంలో చనిపోయిన రాజైనా సరే, లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చనిపోవాల్సిందే. ఒక జాతరలో మా నాన్న మూడుసార్లు చనిపోయి, ఇంటికొచ్చి నడుముకి అమ్మచేత ఆముదం రాయించుకున్నాడు. ఆ అలవాటే నా నోట్లోంచి ఊడిపడింది.

తలలన్నీ ఇటు తిరిగాయి. మంగఫ్‌లో నా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడు పక్కనే ఉన్నాడు. నా చొక్కా పట్టి లాగాడు.

"ఏందన్నా గట్ల మొత్తుకున్నవ్? నీ నౌకరీ ఖలాస్ ఇగ."

బడి పెద్దమ్మ, అదే ప్రిన్సిపాల్, నన్ను చూసిన చూపుకి ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు కళ్లముందు కదిలింది.

అంతలో చనిపోయినాయన లేచి కూర్చున్నాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని హాలంతా వెతికి, చూపుతో నన్ను పట్టుకున్నాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, మళ్లీ కుర్చీవైపు తిరిగాడు. తలుపు మాట వస్తుందని నేనూ చప్పుడు లేకుండా పెదవి కదిపాను. అది రాలేదు.

"నువ్వు లేవు కదా అని ఇన్నాళ్లూ నవ్వలేదు," అన్నాడు. "నీకు కోపం వస్తే రానీ, ఇక నవ్వుతాను."

నిజంగానే నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, జాగ్రత్తగా మోకాలు చూసుకుంటూ పడుకుని చనిపోయాడు. హాలంతా లేచి నిలబడింది. పెద్దమ్మ కూడా. నాకు ఆనందం పట్టలేక తమ్ముడి వీపు మీద ఒకటి చరిచాను.

ముఖానికి రంగుతోనే ఆయన కారు దగ్గరికి వచ్చాడు. నేను క్షమాపణ మొదలుపెడితే చెయ్యి ఎత్తి ఆపాడు.

"రెండోసారి ఏమన్నాను?"

"మీకు గుర్తు లేదాండీ?"

"లేదు. నువ్వు చెప్పు."

అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. జేబులన్నీ తడుముకున్నాడు. నేను పెన్ను ఇచ్చాను. కాగితం లేకపోతే టిష్యూ డబ్బా అట్ట చింపి, కారు బానెట్ మీద పెట్టి రాసుకున్నాడు. తమ్ముడు కారు లోపల్నించి యల్లా, యల్లా అని తొందరపెడుతున్నాడు. ఉండమని సైగ చేశాను.

రాసిన మాట కింద ఆయన ఇంకో మాట రాశాడు, దాని కింద మరొకటి. అవి నేను చెప్పినవి కావు, ఆ నాటకంలోవీ కావు.