రెంగాస్ సొనతో ఏడు నెలలు

ఆ రోజు పొద్దున్న లేచేసరికి కళ్లు తెరుచుకోలేదు. నిద్రమత్తేమో అనుకుని వేళ్లతో తడుముకున్నాను. రెప్పలు బూరెల్లా పొంగి ఉన్నాయి. మెడా, చేతులూ, నడుమూ ఒకటే దురద. గోకినచోటల్లా నీటిపొక్కులు లేచాయి.

ముందురోజు చేసిన పని చెప్పాలి. మలయా దేశంలో, బాగన్ దాతుక్‌లో మేం కూలికొచ్చిన కొబ్బరి ఎస్టేటు పక్కన కొత్తతోట వెయ్యడానికి అడవి కొడుతున్నారు. పెద్ద చెట్లు పడగొట్టేముందు పైకెక్కి కొమ్మలు నరకడం నా పని. నాన్న విశాఖపట్నం వైపు తాటిచెట్లు గీసి కల్లు దించినవాడు. నడుముకీ చెట్టుకీ కలిపి మోకు చుట్టుకుని ఎక్కడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎక్కేముందు మోకును రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకోవాలి. దానికి సబ్బు తగలకూడదు, ఇంకొకరి చెయ్యి తగలకూడదు. ఇవి మా ఇంటి పద్ధతులు, ఒక్కటీ తప్పలేదు నేను.

ఆ ముందురోజు ఒక పెద్దచెట్టు దగ్గర, మాతో పనిచేసే మలాయి ముసలాయన పాక్ సమాద్ నన్ను ఆపాడు. అది రెంగాస్ చెట్టట, సొన తగిలితే ఒళ్లు ఉడికిపోతుందట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకున్నాను. జీడితోటల్లో పెరిగినవాణ్ని, సొనకి భయపడతానా అని నవ్వి ఎక్కేశాను. నరికిన కొమ్మలోంచి కారిన సొన చూస్తుండగానే నల్లబడింది. చేతులు మోకుకే తుడుచుకుని దిగాను.

జీడిసొన అంటితే మా వైపు కొబ్బరినూనె రాస్తారు. నా భార్య రాములమ్మకి అదే చెప్పాను. ముందు సబ్బుతో కడుగుతానంది. నీకేం తెలుసని కసిరాను. పాపం, ఒళ్లంతా నూనె పట్టించింది. సాయంత్రానికి నూనె పాకినంతమేరా పొక్కులు పాకాయి. ఆమె వేళ్లకీ నాలుగు లేచాయి. దాంతో అంటురోగమని మా కూలీల ఇళ్ల వరస, లైనులో పదిళ్లవాళ్లూ తలుపులు వేసుకున్నారు.

ఎస్టేటులో కట్లుకట్టి మందులిచ్చే డ్రస్సరు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, స్కేబీస్, అంటే గజ్జి అని చెప్పి గంధకం ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. రాసుకుంటే నిప్పులమీద పడుకున్నట్టుంది. ఇది చెట్టు సొనండీ అన్నాను. నువ్వు డాక్టరువా నేను డాక్టరునా అని గద్దించాడు. నిజానికి ఇద్దరమూ కాదు.

మూడు వారాలకి తగ్గింది. ఈలోగా అడవి కొట్టడం అయిపోయింది. నన్ను కొబ్బరిచెట్లు ఎక్కే పనికి మార్చారు. రెండోరోజుకే మళ్లీ మొహం వాచింది. చుట్టుపక్కల ఒక్క రెంగాస్ మొక్కైనా లేదు. ఇది ఏ చెట్టు సొనరా అని డ్రస్సరు ఎగతాళి చేశాడు. తగ్గడం, ఎక్కడం, వాచడం. నాలుగుసార్లు ఇదే వరస. చేతులమీదా నడుముమీదా చర్మం మందమెక్కి నల్లటి మచ్చలు కట్టింది.

అప్పుడు లైనులో పెద్దరోగం, అదే కుష్ఠు, అన్న మాట పుట్టింది. పెద్దరోగం వచ్చినవాణ్ని సర్కారు ఎక్కడో దూరాన ఉంచుతుంది, మళ్లీ పెళ్లాంబిడ్డల మొహం చూడనివ్వరని అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండిన దానికంటే ఆ మాటకే ఎక్కువ మండింది.

ఓ రోజు మా కూలీల మేస్త్రీ కంగాణి వచ్చి దూరంగా నిలబడ్డాడు. “నానన్న మాట కాదురా, లైనంతా అంతన్నారు. పిల్లున్న ఇల్లు గదా. ఆ పాత కొట్టంలో ఉండు లా,” అన్నాడు మలాయి యాస కలిపి.

ఒకప్పుడు కొబ్బరి ఎండబెట్టిన కొట్టం అది. రాములమ్మ అన్నం గడపలో పెట్టి వెళ్లేది. నాలుగేళ్ల మా చిన్నమ్మి దూరం నుంచి చూసేది. పదిహేను రోజులు చెట్టెక్కకపోతే చర్మం నున్నబడింది. బాగున్నప్పుడు చూడ్డానికి ఒక్కడూ రాలేదు. తగ్గిందని నిరూపిద్దామని పనికి వెళ్లి చెట్టెక్కాను. మర్నాటికి మొహం గుమ్మడికాయ. ఇక సర్కారుకి రాసేస్తానన్నాడు డ్రస్సరు. రాసేముందు ఒక్కసారి అసలు డాక్టరుకి చూపించమని కంగాణి కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను.

లాంచీ మీద తెలుక్ ఆన్సన్ పట్నానికి తీసుకెళ్లి పెద్దాసుపత్రి వార్డులో పడేశారు. అక్కడి డాక్టరు సిలోనులోని యాళ్పాణం నుంచి వచ్చిన అరవాయన. నన్ను కళ్లు మూసుకోమని ఒక్కో మచ్చమీదా గుండుసూదితో గుచ్చాడు. గుచ్చినప్పుడల్లా అబ్బా అన్నాను.

“సెన్సేషన్ బాగా ఉంది. పెద్దరోగం మచ్చకి నొప్పి తెలియదు. ఇది లెప్రసీ కాదు. డెర్మటైటిస్, చర్మం రేగడం,” అన్నాడు.

నొప్పి పుట్టినందుకు సంతోషపడింది జన్మలో ఆ ఒక్కరోజే. ఊదారంగు పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, కాలమైన్ లోషన్ రాశారు. పదిరోజుల్లో నెమ్మదించింది. అయినా డాక్టరు పంపలేదు. మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందో తేలాలన్నాడు. పనిలో నేను ముట్టుకునే సామానంతా తెప్పించమన్నాడు.

రాములమ్మ కత్తీ మోకూ గోనెసంచిలో వేసుకుని లాంచీలో వచ్చింది. పద్ధతి ప్రకారం మోకును చేత్తో ముట్టకుండా కర్రతో ఎత్తి సంచిలో వేసిందట. చాన్నాళ్లకి చూశానేమో, తీసీతియ్యగానే నా చేతులు వాటంతటవే దాన్ని కళ్లదగ్గరికి తీసుకెళ్లాయి. డాక్టరు గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.

“రోజూ ఇలాగే చేస్తావా?”

“ఎక్కేముందు సేస్తానండి. మా ఆచారం.”

“ఎప్పుడైనా కడిగావా?”

“కడక్కూడదండి.”

ఆయన చేతికి గ్లౌజు తొడుక్కుని మోకు పేటలు విప్పి చూపించాడు. లోపలంతా నల్లగా, నిగనిగలాడుతూ రెంగాస్ సొన ఎండి ఉంది. నెలలు గడిచినా దీని విషం పోదన్నాడు. అది చేతులకి పట్టింది, నడుముకి పట్టింది, పొద్దున్నే భక్తిగా నేనే కళ్లకి పట్టించుకున్నాను. ఏడు నెలలు డ్రస్సరునీ లైనునీ తిట్టాను. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియక సిగ్గుతో చచ్చిపోయాను. తగలబెట్టేస్తానంటే పొగ కూడా విషమేనన్నాడు డాక్టరు. ఏటి ఒడ్డున లోతుగా పాతిపెట్టించాను.

డాక్టరిచ్చిన కాగితాన్ని లైనందరి ముందూ డ్రస్సరే చదవాల్సివచ్చింది. అంటురోగం కాదన్న వాక్యం దగ్గర ఆయన గొంతు బాగా తగ్గింది. మళ్లీ గట్టిగా చదవమన్నాను, చదివాడు. ఇల్లు నాకు దక్కింది. చిన్నమ్మి మాత్రం తలుపు చాటునుంచి కదల్లేదు.

“సిన్నమ్మీ, రాయే,” అన్నాను.

“నిన్ను నాను ముట్టకూడదు గదా అయ్యా,” అంది.

దానికి ఏ డాక్టరు కాగితం చదివి వినిపించను? ఆ మాట నేర్పినవాళ్ల మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.

ఇది జరిగి రెండేళ్లయింది. కొత్త మోకుతో మళ్లీ చెట్లెక్కుతున్నాను. చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ మోకును వారానికోసారి సబ్బుతో ఉతుకుతాను, దణ్ణం దూరం నుంచే పెడతాను. చెట్లెక్కే అన్నదమ్ములకి నేను చెప్పేది ఒకటే. సొన తగిలితే నూనె జోలికి పోకండి. వెంటనే ఒళ్లూ, బట్టలూ, పనిముట్లూ సబ్బుతో కడగండి.

చిన్నమ్మికి ఇప్పుడు ఆరేళ్లు. మచ్చ నొప్పెడితే పెద్దరోగం కాదని వాళ్లమ్మ చెప్పి ఉంచింది. పడుకునేముందు నా చేతిమీద మచ్చని వేలితో నొక్కి, నొప్పేస్తందా అయ్యా అని అడుగుతుంది. నొప్పి లేకపోయినా అబ్బా అంటాను. అప్పుడు గాని పక్కన పడుకోదు.