మూడో బెల్టు ఇవ్వనన్న అక్క

బట్టల మిల్లు మూతపడిన నెలలోనే ఆమెకు అన్నయ్య నుంచి కబురొచ్చింది. "ఇంకో పని దొరికేదాకా వచ్చి మా కౌంటర్లో కూర్చో. పది రోజులో, పదిహేను రోజులో, అంతే కదా." ఆ పది రోజులు సాగి సాగి పదకొండేళ్లయ్యాయి.

అన్నయ్యది కార్ల విడిభాగాల దుకాణం. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే. ఎడమ గోడ నిండా మేకులు, మేకులకు వేలాడే రబ్బరు బెల్టులు, కారు ఇంజను చక్రాలను తిప్పేవి. ఇంటికెళ్లి తలస్నానం చేసినా ఆమె జుట్టుకు ఆ వాసన వదిలేది కాదు. వచ్చేవాళ్లంతా ఆమెను అక్క అనేవాళ్లు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కే అనేవాళ్లు.

మిల్లులో ఆమె చేసింది తప్పులు పట్టే పని. కింద దీపం వెలిగే గాజు బల్ల మీద గుడ్డ జరుగుతూ ఉంటుంది. చార పడినా, పోగు జారినా, ముడి లేచినా అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. పద్నాలుగేళ్లు అదే పని. గుడ్డలో చార వరసగా ఒకే చోట పడుతోందంటే తప్పు గుడ్డది కాదు, మగ్గానిది అని చేరిన వారంలోనే ఆమెకు తెలిసిపోయింది.

దుకాణంలో ఆ కంటితో ఎవరికీ అవసరం లేదు. వచ్చినవాళ్లు పాత బెల్టు తెచ్చి బల్ల మీద పడేస్తారు. వీపు మీద నంబరు చూసి అలాంటిదే కొత్తది ఇవ్వాలి. పాతది అక్కడే వదిలేసి పోతారు. ఆమెకు వాటిని పారెయ్యడానికి మనసొప్పక ఒక అట్టపెట్టెలో వేసేది. మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఒక్కోటి తీసి, వెలుతురుకు పట్టుకుని, గుడ్డను జరిపినట్టే వేళ్ల మధ్య జరుపుతూ చూసేది.

"చచ్చిన పాముల్లా ఉన్నాయి. ఏం చూస్తావు వాటిలో?" అనేది వదిన.

"అన్నీ ఒకేలా పోలేదు వదినా. ఒక్కోటి ఒక్కోలా పోయింది."

నిజంగానే అంతే. కొన్ని వయసు మీదపడి అడ్డంగా పగుళ్లిచ్చాయి. కొన్ని వదులుగా ఉండి జారి జారి అద్దంలా నున్నబడ్డాయి. కొన్ని ఎక్కడో కారిన నూనె తాగి ఉబ్బాయి. కొన్నింటికి మాత్రం ఒళ్లంతా బాగానే ఉండి, ఒక అంచు మాత్రం ఎలుక కొరికినట్టు పీచులు లేచింది. కొత్త బెల్టు అట్టతొడుగులో మడతపెట్టిన కాగితం ఒకటి వస్తుంది. అందరూ దానితో చేతులు తుడుచుకుంటారు. ఆమె దాన్ని చదివింది. తాను చూసినవన్నీ అందులో బొమ్మలు వేసి ఉన్నాయి.

అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన దుకాణానికి మొదటిసారి వచ్చింది ఆ రోజుల్లోనే. ఊళ్లో పిల్లల్ని బడికి తీసుకెళ్లే కారు నడుపుతాడాయన. అరవై దాటిన మనిషి, ఎవరెవరి చేతుల్లోనో నలిగిన పాత కారు. ఇంజను స్టార్టు చేస్తే చాలు, కుయ్యిమని వీధి చివరిదాకా వినిపించే కూత. పిల్లలు ఆ కూత నేర్చేసుకున్నారు. ఒక చిచ్చరపిడుగు పొద్దున్నే కిటికీలోంచి అచ్చం అలాగే కూసేది. కారొచ్చిందనుకుని పక్కింటి తల్లులు బూట్లు తొడగని పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తేవాళ్లు.

ఎదురుగా ఉన్న షెడ్డు మెకానిక్ బెల్టు మార్చమన్నాడు. మార్చారు. నెల తిరగకుండా కూత మళ్లీ మొదలైంది. ఇంకోటి మార్చారు. అది ఆరు వారాలు ఆగింది. మూడోసారి బాబాయ్ వచ్చి, "అదే నంబరు తల్లీ, ఇంకోటి ఇవ్వు," అన్నాడు, జ్వరం మాత్ర అడిగినట్టు.

ఆమె ఆ పాత బెల్టు అందుకుని చూసింది. అట్టపెట్టెలో వెతికి ఆయన ముందు వదిలేసిపోయిన రెండూ తీసింది. మూడూ పక్కపక్కన పరిచింది. మూడింటికీ ఒకే వైపు అంచు పీచులు లేచింది.

"బాబాయ్, నేను బెల్టు ఇవ్వను."

"అదేంటమ్మా, స్టాకు లేదా?"

"ఉంది. కానీ ఇది కూడా నెలకే పోతుంది. జబ్బు బెల్టుకి కాదు. అది తిరిగే చక్రాల్లో ఏదో వంకరగా ఉంది."

లోపల పెట్టెలు సర్దుతున్న అన్నయ్య బయటికొచ్చాడు. "నిన్ను కూర్చోబెట్టింది అమ్మడానికా, వైద్యం చెయ్యడానికా?" అన్నాడు. అరవలేదు, కానీ బాబాయ్ ముందే అన్నాడు. ఆమె మూడు బెల్టులూ భుజానికి తగిలించుకుని రోడ్డు దాటింది.

షెడ్డు మెకానిక్‌ను అందరూ సరేలే మేస్త్రి అంటారు. ఎవరేం చెప్పినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. మంచి పనివాడే, కానీ తెల్లారింది మొదలు చేతినిండా పని. ఒక బండి దగ్గర పది నిమిషాలకు మించి నిలబడే తీరిక ఉండదు. ఆమె చెప్పింది విని, "సరేలే, చూద్దాం," అన్నాడు.

ఆమె వదల్లేదు. కాగితంలో ఉన్న పరీక్ష చేద్దామంది. ఇంజను తిరుగుతుండగా, చెయ్యి దూరంగా పెట్టి, బెల్టు లోపలి గాడుల మీద కాసిని నీళ్లు చిమ్మాలి. కూత పెరిగితే బెల్టు వదులని అర్థం. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే ఏదో చక్రం వరస తప్పిందని అర్థం. మేస్త్రి సీసాతో చిమ్మాడు. కూత టక్కున ఆగింది. నాలుగు సెకన్ల తర్వాత మళ్లీ కుయ్యిమంది.

"చూశారా," అంది ఆమె. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాగితంలో బొమ్మ ఆల్టర్నేటర్ మీద, అంటే బ్యాటరీకి కరెంటు ఎక్కించే యంత్రం మీద, బాణం గుర్తు వేసి చూపించింది. ఆమె కూడా అదే చూపించింది. మేస్త్రి దాన్ని విప్పాడు. స్కేలు పెట్టి చూశాడు. గీత గీసినట్టు తిన్నగా ఉంది. మళ్లీ బిగించేసరికి గంట దాటింది. బడి వదిలే వేళయింది. ముగ్గురు పిల్లలు గేటు దగ్గర ఎండలో నిలబడి ఉన్నారని బాబాయ్‌కి ఫోనొచ్చింది.

"అక్కా, గుడ్డ వేరు, బండి వేరు," అన్నాడు మేస్త్రి. వెటకారంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. పక్కన టైర్ల కొట్టువాళ్లు మాత్రం దాచుకోకుండా నవ్వారు.

ఆ సాయంత్రం ఆమె తిన్నగా భర్త దగ్గరికి వెళ్లింది. అతనికి నాలుగు వీధుల అవతల క్షవరం దుకాణం ఉంది. మాటకారి. అంతా విని, కొట్టులో అద్దాలు తుడుచుకుంటూ అన్నాడు: "తప్పు ఉందన్నావు, అది నిజమే కదా. ఎక్కడుందన్నదే తప్పింది. నీకు సగం మార్కులొచ్చాయి. నాకు ఎనిమిదో తరగతిలో అన్ని కూడా రాలేదు."

"నవ్వించకు. ఎండలో పిల్లలు నిలబడ్డారు."

"అయితే రేపు ఆదివారం. పిల్లలుండరు. పోయి మిగతా సగం తెచ్చుకో."

ఆమె పొద్దున్నే బాబాయ్ ఇంటికి వెళ్లి క్షమించమంది. ఆయన, "పోనీలే తల్లీ, మిగతా వాళ్లెవరూ అది ఎందుకు పోతోందో చూడను కూడా చూడలేదు," అని కారు తాళాలు తీసుకున్నాడు. ఆదివారం కాబట్టి షెడ్డులో రెండే బండ్లు. మేస్త్రి గడ్డం గీసుకోకుండా టీ తాగుతున్నాడు.

"ఈసారి ఏదీ విప్పొద్దు," అంది ఆమె. "ఇంజను ఆపేసి బెల్టొక్కటే తియ్యండి. ఒక్కో చక్రం చేత్తో తిప్పి చూద్దాం."

"సరేలే."

పెద్ద చక్రం బాగుంది. నీళ్ల పంపుది బాగుంది. ఆల్టర్నేటర్‌ది నిన్నే చూశారు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ దగ్గరికొచ్చేసరికి బాబాయ్, "దాని పేరే టెన్షనా? అది వదిలేసినట్టుంది, నాకు పట్టుకుంది," అన్నాడు. అది కూడా బాగానే తిరిగింది. మిగిలింది అరచేయంత ఒక చిన్న చక్రం. బెల్టుకు దారి చూపించడం తప్ప దానికి ఇంకో పని లేదు. అదీ చప్పుడు లేకుండా తిరిగింది. మేస్త్రి చెయ్యి తీసేశాడు.

"ఉండండి," అంది ఆమె. వేలితో దాని అంచు మీద నొక్కి, ఇంకోవైపు నొక్కింది. గుడ్డలో జారిన పోగు వేలికి తగిలినట్టు ఏదో తగిలింది. చక్రం వెంట్రుకవాసి వంగి లేచింది. "ఇక్కడ పెట్టండి మీ వేలు."

మేస్త్రి పెట్టాడు. టార్చిలైటు తెచ్చుకుని తల లోపలికి దూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. ఆ చక్రాన్ని పట్టి ఉంచే రేకుకు రెండు బోల్టులు. ఒకదాని వెనక మందపాటి వాషర్ బిళ్ల ఉంది. రెండోదాని వెనక లేదు. బాబాయ్ కొనకముందే ఎప్పుడో ఎవరో విప్పి, బిగించేటప్పుడు మరిచిపోయారు. అంతే. ఆ కాస్త మందం లేక చక్రం పక్కకు వాలి, వచ్చిన ప్రతి బెల్టునూ ఒక అంచు నుంచి కొరుక్కుతింటోంది.

మేస్త్రి డబ్బా కుమ్మరించి సరిపడే వాషర్ వెతికాడు. బిగించి లేచి నిలబడి, "నేను రెండుసార్లు ఇక్కడే చెయ్యి పెట్టాను," అన్నాడు. "తిరుగుతోందా లేదా అనే చూశాను."

"నేను నిన్న మీ గంట తినేశాను కదా. చెల్లుకు చెల్లు."

పాత బెల్టు అంచు అప్పటికే పోయింది కాబట్టి కొత్తది వెయ్యక తప్పలేదు. ఆమె తనే రోడ్డు దాటి, ఇవ్వనన్న బెల్టును మేకు నుంచి తీసి తెచ్చింది. ఇంజను స్టార్టు చేశారు. కూత లేదు. బాబాయ్ నమ్మక రెండుసార్లు ఆపి మళ్లీ స్టార్టు చేశాడు. సోమవారం పొద్దున కారొచ్చి ఇంటి ముందు ఆగితే ఒక్క గడప నుంచీ ఎవరూ బయటికి రాలేదట. పిల్లలే కార్లో కూర్చుని కోరస్‌గా కూయాల్సి వచ్చిందట.

ఆ తర్వాత మేస్త్రి తన దగ్గరికి కూతతో వచ్చిన ప్రతివాణ్నీ, "ముందు ఆ పాత బెల్టు తీసుకెళ్లి అక్కకి చూపించి రా," అనడం మొదలుపెట్టాడు. అన్నయ్య కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. ఒకరోజు ఎవరో బేరగాడు, "మీ డాక్టరమ్మ లేదా?" అని అడిగి, లేదని చెబితే కొనకుండా వెళ్లిపోయాక, అన్నయ్యే ఒక పాత చెక్కపలక తెచ్చి గోడకు బిగించాడు. ఆమె దాని మీద నాలుగు రకాల పాత బెల్టు ముక్కలు మేకులతో బిగించి, కింద తన చేతిరాతతో రాసింది: మెరిస్తే వదులు. అంచు పోతే వంకర. ఉబ్బితే నూనె. పగిలితే వయసు.

కిందటేడు మేస్త్రి అడిగాడు, పొద్దుటిపూట షెడ్డుకే వచ్చెయ్యమని. ఆమె ఒప్పుకుంది. అక్కడ కొత్త చిక్కొకటి వచ్చింది. కొన్ని బండ్లు నిలబడి ఉంటే కూయవు. స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడే, ఆ బరువు బెల్టు మీద పడినప్పుడే కూస్తాయి. అది పట్టుకోవాలంటే బండి నడపడం రావాలి. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆమె బాబాయ్ పక్కన కూర్చుని క్లచ్ నేర్చుకుంది. "తల్లీ, వినడం తర్వాత, ముందు చూడు," అని ఆయన రోజుకు ఇరవైసార్లు అనాల్సి వచ్చేది.

లైసెన్సు పరీక్షకు డ్రైవింగు స్కూలు వాళ్ల కారు ఇచ్చారు. మలుపు తిప్పుతుండగా అది చిన్నగా కీచుమంది. ఆమె బండి ఆపేసి, "సార్, ఒక్క నిమిషం, ఈ బెల్టు వదులుగా ఉంది," అంది. పరీక్ష పెట్టే అధికారి నవ్వాడు, కానీ నడిమధ్యలో ఆపినందుకు ఫెయిల్ చేశాడు. రెండోసారి ఆమె పళ్లబిగువున ఏమీ వినకుండా నడిపి పాసైంది.

బాబాయ్ కారు తాళాలు ఆమె చేతికి వచ్చిన మొదటి ఆదివారం, వదిన, భర్త వెనక సీట్లో సర్దుకున్నారు. అన్నయ్య ముందు కూర్చుని, తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వీధి మలుపు కూడా రాకముందే, బ్రేకు మీద కాలుంచు, గేరు తగ్గించు, ఎడమకి చూడు అని మొదలుపెట్టాడు.

"అన్నయ్యా," అంది ఆమె, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా, "నువ్వు కాసేపు ఆగితే నాకు ఇంజను వినిపిస్తుంది."