దండం పెట్టినవాళ్లకే ఫ్రీకిక్

నేను బడికి పోలేదు. మా బాపు బొగ్గుబాయిలో డ్యూటీ దిగి వచ్చి, ఇంట్లోనే నాకు అక్షరాలూ ఫుట్‌బాల్ రూల్సూ ఒకే పలక మీద దిద్దించాడు. ఆయన పెట్టిన భిక్షే ఈ ఏడు నన్ను భూపాలపల్లి కాలనీ గ్రౌండ్‌లో ఆడపిల్లల మ్యాచ్‌కు రెఫరీగా నిలబెట్టింది. కాలనీ జట్టుకూ రేగొండ జట్టుకూ ఆట. గెలిచినవాళ్లు పై పోటీకి జనగామ పోతారు. రేగొండ పిల్లలు అంతకుముందు ఎప్పుడూ జిల్లా దాటి ఆడింది లేదు.

విజిల్ మెడలో వేసుకుంటుంటే పెండ్లికూతురి కంటే ఎక్కువ సంబరం నాకు. కాలనీ పిల్లలు వరుసగా వచ్చి, గీత దగ్గర వంగి, నేలను తాకి కళ్లకద్దుకుని లోపలికి అడుగుపెట్టారు. నా మనసు నిండిపోయింది. రేగొండ పిల్లలు ట్రాలీ ఆటో దిగి, జడలు బిగించుకుంటూ గీత మీది నుంచి దూకి వచ్చేశారు.

సగం ఆటకు చెరో గోల్. నీళ్లు తాగుతుంటే రేగొండ కెప్టెన్ నా దగ్గరికి వచ్చింది. పదిహేనేళ్లుంటాయేమో. ముఖంలో కోపం లేదు. లెక్క తప్పిన టీచర్‌కు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"అక్కా, ఓ మాట చెప్త, ఏమనుకోకుండ్రి. దండం పెట్టిన పిల్లలు పడితే మేం నూకినట్టు, మేం పడితే జారినట్టు. గట్లనే కొడుతున్నరు మీరు విజిల్."

కాదనబోయాను. కానీ ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఎటూ తేలని ప్రతి ఫౌలూ కాలనీకే ఇచ్చాను. వాళ్ల గోల్ కూడా అట్లా ఇచ్చిన ఫ్రీకిక్‌తో వచ్చిందే. కావాలని ఒక్కటీ చేయలేదు. జెండా పట్టుకుని లైన్ దగ్గర నిలబడ్డ మా వదినను నిజమేనా అని అడిగాను.

"గిప్పుడు తెల్సిందా? దుకాన్ల దేవుని పటముంటె పుచ్చు వంకాయలు గూడ కిలో తెస్తవు నువ్వు," అంది.

కెప్టెన్ నోట్లో నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి. ముగ్గురం నవ్వు ఆపుకోలేక కూలబడ్డాం. తప్పు ఒప్పుకున్నాను, ఇచ్చిన గోల్ వెనక్కి తీసుకోలేనని కూడా చెప్పాను. ఇకముందు సరిగ్గా చూస్తే చాలంది ఆ పిల్ల.

రెండో సగానికి రేగొండ పిల్లలు పదకొండు మందీ గీత దగ్గర బోర్లా పడి సాష్టాంగం పెట్టారు. ఒకతె లేవనే లేదు. కాళ్లు పట్టి లాగారు. గ్రౌండంతా ఈలలు. నేను విజిల్ ఊదబోతే నవ్వుకు గాలి అందక తుస్సుమంది.

ఆ తర్వాత ముఖాలు చూడటం మానేశాను. కాళ్లూ బంతీ, అంతే.

ఇంకో నిమిషం ఉందనగా, కాలనీ గోల్ ముందు ఒక కాలు రేగొండ పిల్ల కాలిని తన్ని పడేసింది. ఊదాను. పెనాల్టీ. తలెత్తి చూద్దును కదా, ఆ కాలు ప్రతి శనివారం గుడిలో నా పక్కన కూర్చుని భజన పాడే పిల్లది.

"దేవుని తోడు అక్కా, నేను తాకలె."

ఒట్టు పెడితే కాదనడం పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నాకు రాదు. కానీ కాలును చూసింది నేనే. చెయ్యి పెనాల్టీ గుర్తు వైపే చాపి ఉంచి, మనసులో స్వామికి క్షమాపణ చెప్పుకున్నాను.

గోల్ పడింది. రేగొండ పిల్లలు ఒకరి మీద ఒకరు కుప్పపడి జనగామ, జనగామ అని అరుస్తున్నారు. ఆ కెప్టెన్ నోరు విప్పకపోయి ఉంటే నా భక్తే వాళ్ల జనగామను మింగేసేది. ఆమెకు ఆ ధైర్యమిచ్చిన తల్లిదండ్రులు చల్లగా ఉండాలి.

చేతులు కలిపే వరుసలో భజన పిల్ల నా దగ్గర ఆగింది. కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు.

"తాకిన అక్కా. జర గట్టిగనే తాకిన. దేవుడైతే మాఫ్ చేస్తుండె."

"దేవునికి తీరలేదు బిడ్డా, గందుకే నన్ను పంపిండు," అన్నాను.