రిటైరయ్యే నెలలో వాయిదా

ఆ జడ్జిగారు ఏ లాయర్నీ మాట మధ్యలో ఆపేవారు కాదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "ఇంకా ఏమన్నా ఉందామ్మా?" అని అడిగేవారు. జగ్గయ్యపేట కోర్టులో నాకెప్పుడూ ఇంకా ఉండేది.

నా క్లయింటు, చిల్లకల్లు ఆవిడ పొలం దారి కేసులోనూ అంతే. పక్క రైతు కంచె వేసి దారి మూసేస్తే, ఆవిడ పత్తి మూటలు నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగొస్తోంది. నేను చెప్పాల్సిందంతా అయిపోయింది. అయినా అవతలి లాయరు మీద పంతంతో ఇంకో వాయిదా అడిగా.

"ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నానమ్మా, తెలుసుగా?"

"ఒక్క వాయిదానేగా సార్!"

ఇచ్చారు. దాంతో అవతలి లాయరూ ఒకటి అడిగాడు. తీర్పు రాయకుండానే జడ్జిగారు దిగిపోయారు. కొత్త జడ్జిగారు వాదనలు మళ్ళీ మొదట్నుంచీ చెప్పమన్నారు.

మొన్న నందిగామ బస్టాండులో ఆవిడా నేనూ నిలబడి ఉంటే ఆ పాత జడ్జిగారే గుర్తుపట్టి వచ్చారు. "మీ తీర్పు నేనే రాయాల్సిందమ్మా. రాయలేకపోయా, తప్పు నాదే" అన్నారు ఆవిడతో.

"వయసైపోయిందని పంపించేస్తే మీరేం చేస్తారండీ! మా లాయరమ్మ నాకోసం ఎంత కొట్లాడిందో మీరే చూశారుగా" అందావిడ.

ఆయన నా వంక చూడలేదు. ఎంతటివాళ్ళకైనా ఎదురు చెప్పే నేను, బస్సు కోసమన్నట్టు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డా.