పాచి మావయ్య

ఆ మావయ్యకు ఒకటే రోగం. చేపల తొట్టి ఎక్కడ కనబడినా చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా నీళ్లలో ముంచి, అడుగున ఉన్న గులకరాళ్లను వేలితో పొడవందే ఆయనకు ఊపిరాడదు. పొడవగానే బుడబుడమని బుడగలు పైకొస్తాయి. వాసన చూసి, చావు కబురు మోసుకొచ్చినవాడిలా చెబుతాడు: "అడుగు కుళ్ళింది."

పన్ను పీకించుకోవడానికి వెళ్లి, పళ్ల డాక్టరు ముందుగదిలోని తొట్టినీ పొడిచాడు. కుళ్ళిన గుడ్ల కంపుకు పేషెంట్లంతా మెట్ల మీదికి నడిచారు.

"ఎవరండీ మీరు?" అంది నర్సు.

"నేనెవరైతే ఏంలెండి. దీనికి మేత వేస్తున్నదెవరు?" అన్నాడు వాచిన దవడ పట్టుకునే.

ఆయన మేనకోడలి భర్త ఆ వానాకాలంలోనే పోయాడు. పోతూ పోతూ ఆమెకో చేపల తొట్టి మిగిల్చాడు. ఆమె కర్టెన్లు వేసుకుని దాని పక్కనే కూర్చునేది. తనకు ముద్ద దిగేది కాదు గానీ, గుర్తొచ్చినప్పుడల్లా చేపలకు మేత చల్లేది. గాజంతా పచ్చటి పాచి కమ్మి, లోపలి చేపలు నీడల్లా మిగిలాయి.

ప్రతి ఆదివారం మావయ్య గొట్టం, బకెట్టు పట్టుకుని దిగేవాడు.

"ఎలా ఉంది మావయ్యా?"

"ఎలా ఉంటుంది. అడుగు కుళ్ళింది."

మావయ్య లెక్కన ఒక వారం తప్పు కర్టెన్ల సందులోంచి వచ్చే వెలుతురుది. ఇంకో వారం బల్బుది. ఆ తర్వాత కుళాయి నీళ్లది, గులకరాళ్లది. గొట్టం నోట పెట్టి పీల్చి, మురుగు గుటక పడి, సింకు దగ్గరికి పరుగెత్తేవాడు.

"నీ వల్ల కాదని ఒప్పుకోరాదూ" అని విసుక్కునేదామె. ఉన్న దిగులు చాలక ఈయన గోలొకటి.

ఒక ఆదివారం ఎర్ర చేప వెల్లకిలా తేలింది.

"నేనే చంపేశానా మావయ్యా?"

"ముసలిదమ్మా. దాని కాలం తీరిపోయింది."

మిగిలినవైనా బతకాలని ఆమె మందు కోసం, మావయ్య ఎప్పుడూ వెళ్లే చేపల కొట్టుకు వెళ్లింది. చాలా రోజుల తర్వాత గడప దాటడం అదే మొదటిసారి.

"ముసలిదా? అది పిల్ల చేపమ్మా" అన్నాడు కొట్టతను. "మేత ఎక్కువైంది, అంతే. మిగిలింది రాళ్ల సందుల్లో కుళ్ళితే పాచికి పండగే. మీ మావయ్య ఎవరి తొట్టి చూసినా ముందు తిట్టే తిట్టు అదేగా. మీకు చెప్పలేదా?"

"లేదు."

కొట్టతను కాసేపు నసిగాడు. "నన్నూ చెప్పొద్దన్నారు. ప్రస్తుతం మా అమ్మాయి చేతులకున్న పని ఆ మేత వెయ్యడమొక్కటే, మాన్పించకు అన్నారు."

ఆమె మేత చిటికెడుకు తగ్గించింది. అడుగునున్న మురుగు తనే గొట్టంతో లాగేసింది. కొన్నాళ్లకు నీళ్లు తేటపడ్డాయి. మావయ్య వచ్చి చెయ్యి ముంచి పొడిచాడు. బుడగ లేదు, వాసన లేదు. మొహం చిన్నబోయింది.

"ఇంక నాకిక్కడ పనేముందమ్మాయ్."

"భోజనం ఉంది. ప్రతి ఆదివారం."

ఆయన చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఆమె కంచంలో చిటికెడు అన్నం పెట్టి గరిటె ఆపింది.

"ఎక్కువ వేస్తే, మిగిలింది కుళ్ళుతుందటగా మావయ్యా?"

ఆయన ఆమె వంక చూసి, కంచం వంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అది చేపలకమ్మా. నాకు వెయ్యి."