పొట్టేలు మెడలో మిషన్

ఏడెనిమిదేళ్లుగా ఒక దెబ్బను మోస్తున్నాను. తిన్న దెబ్బ కాదు, కొట్టిన దెబ్బ. తిన్నవాడికి విరిగిన ఎముక వంకరగానైనా అతుక్కుంది. నాకు ఏదీ అతకలేదు. నా పేరు రాయను. అంత ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు నోరు మూసుకుని ఎందుకుంటాను? మీరు ఎవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరుమలగిరి వైపు మా చేల కింద నుంచి, బీళ్ల కింద నుంచి పెట్రోలు పారే పైపులైను పోతుంది. రోజూ పొద్దున్నే దాని వెంట ఎనిమిది కిలోమీటర్లు నడిచి, ఎక్కడైనా తవ్వారా, మట్టి తడిసిందా, వాసన వస్తోందా చూసి చెప్పడం నా పని. లైన్ వాకర్ అంటారు. తెలంగాణ వచ్చిన కొత్తలో దొరికిన కాంట్రాక్టు ఉద్యోగం. నడిచానో లేదో తెలియడానికి మెడలో వేసుకునే చిన్న జీపీఎస్ మిషన్ ఇచ్చారు. అది కదిలితే ఆఫీసు కంప్యూటర్లో ఒక చుక్క కదులుతుంది. చుక్క నడిస్తే నేను నడిచినట్టే.

ఆ ఏడు పత్తి బాగా పండింది. రెండెకరాలు. తెల్లగా విచ్చిన చేను కళ్ల ముందు ఉంటే, భూమిలో ఉన్న పైపు వెంట తిరగడం నాకు వెర్రి పనిలా అనిపించింది. బీరయ్య అని, మా పక్క ఊరి కురుమాయన, నాకంటే పదేళ్లు పెద్ద, రోజూ పొద్దున ఆ పైపు జాగా వెంటే గొర్రెలను మేపుకుంటూ పోయేవాడు. మంద ముందు ఒక పెద్ద పొట్టేలు నడిచేది. తక్కినవన్నీ దాని వెనకే. నేను ఆ మిషన్ తీసి పొట్టేలు మెడకు కట్టాను.

నవ్వొస్తోంది కదా? అప్పుడు నేనూ నవ్వాను. బీరయ్య కూడా నవ్వాడు. కట్టేటప్పుడు అది కదలకుండా ఉండాలని రోజూ పిడికెడు మక్కజొన్న గింజలు జేబులో వేసుకుని పోయేవాణ్ని. మధ్యాహ్నం మంద తిరిగొచ్చాక బీరయ్య మిషన్ విప్పి జాగ్రత్తగా నా చేతికిచ్చేవాడు. ఈ వాకర్ తొందరపడకుండా శ్రద్ధగా నడుస్తాడని ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఒకరోజు మిషన్ ఇస్తూ బీరయ్య, వాగు దగ్గర పైపు మీద మట్టి కొత్తగా తవ్వినట్టుందని, ఒకసారి చూసి రమ్మని చెప్పాడు. నా పని ఆయన చేసి పెట్టాడు. రేపు చూస్తానన్నాను. మరునాడు పత్తి తీసే కూలీలు వచ్చారు. ఆ మరునాడూ వచ్చారు. నేను పోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఎండ ఎక్కే వేళకు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఎక్కడున్నావని అడిగితే లైన్ మీదే ఉన్నానన్నాను. చేతిలో పత్తి ఉంది. వాగు దగ్గరికి రమ్మన్నాడు. గట్టు మీది కట్టె అందుకుని పరుగెత్తాను.

వాగు ఒడ్డున పైపు దాకా తవ్విన గుంత, పైపుకు దొంగలు బిగించిన వాల్వు, ముక్కులు మండించే పెట్రోలు వాసన. గుంత పక్కన సూపర్‌వైజర్, అయిదుగురు సెక్యూరిటీ మనుషులు. వాళ్ల మధ్య మోకాళ్ల మీద బీరయ్య. చుక్కను వెతుక్కుంటూ నా కోసం పోయిన వాళ్లకు పొట్టేలు దొరికింది. అప్పటికే బీరయ్య పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది.

సూపర్‌వైజర్ మిషన్ ఎత్తి చూపించాడు. "గిది ఈని దగ్గరకెట్ల వచ్చింది?"

నన్ను చూడగానే బీరయ్య మొహం తేటపడింది. అదే నన్ను ఇప్పటికీ చంపుతోంది. నేను వచ్చాను కాబట్టి ఇక ఫికర్ లేదనుకున్నాడు.

"జెప్పు పటేలా," అన్నాడు. "నువ్వే గదా కట్టినవు. మట్టి తవ్విన్రని నేను నీకు జెప్పలేదా?"

ఒక్క మాట చాలు. అవునంటే ఉద్యోగం పోతుంది. దొంగలతో కలిశానని కేసు నా మీద పడుతుంది. ఇదంతా అప్పుడే ఆలోచించానా? లేదు. ఆలోచన కంటే ముందే నోరు పలికింది.

"అబద్ధం సార్. పొద్దుగాల నా మెడల కెల్లి గుంజుకున్నడు. ఎవరికన్న చెప్తే సంపుతా అన్నడు. భయపడి లైన్ మీదున్న అని చెప్పిన."

సూపర్‌వైజర్ నా వైపు అనుమానంగా చూశాడు. అంతలో ఆ పొట్టేలు మందలోంచి నడుచుకుంటూ వచ్చింది. తిన్నగా నా దగ్గరికే. జేబుకు మూతి ఆనించి మక్కల కోసం పొడవసాగింది.

పాముల కోసం పట్టుకు తిరిగే వెదురుకట్టె నా చేతిలో ఉంది. దాంతో పొట్టేలు నెత్తి మీద కొట్టాను. పడలేదు. మళ్లీ కొట్టాను. ముందు కాళ్లు మడతపడ్డాయి. మూడోసారి చెవి పక్కన కొడితే ముక్కులోంచి నెత్తురు వచ్చి పక్కకు ఒరిగింది. బీరయ్య అరుస్తూ దాని మీద పడ్డాడు. నేను ఆపలేదు. అడ్డం పెట్టిన ఆయన కుడిచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. తల మీద కొట్టాను. ఆ తర్వాత సెక్యూరిటీ వాళ్లు అందుకున్నారు. బూట్లతో కడుపులో తన్నారు. జుట్టు పట్టి గుంతలోకి ఈడ్చారు. పెట్రోలు నానిన మట్టిలో ఆయన మొహం మునిగింది. ఇంకెవరూ నన్ను అనుమానంగా చూడలేదు.

భయంతో కొట్టానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. కొట్టేటప్పుడు నాకు కోపం వచ్చింది. నటన కాదు, ఒళ్లు మండే కోపం. ఆయన నిజం చెబుతున్నందుకు, నన్ను నమ్మినందుకు, ఆ మూగజీవం కూడా నన్ను గుర్తుపట్టినందుకు. తప్పు చేసినవాడికి ఎదుటివాడి మీద అంత కోపం ఎలా వస్తుంది? నాకు తెలియదు. వచ్చింది. అంతే.

పోలీసులు బీరయ్య మీద కేసు పెట్టి జైలుకు పంపారు. కొన్ని వారాలకు అసలు దొంగలు దొరికారు. ట్యాంకర్లు నడిపే మనుషులు, ఎక్కడివాళ్లో. బీరయ్యను జైలు నుంచి వదిలారు. చెయ్యి వంకరగా అతికింది. ఎడమ చెవి వినబడదు. కేసులో పేరు తీసేశారు కానీ ఊరు తీసెయ్యలేదు. పెట్రోలు దొంగ అని పేరు పడింది. అలాంటివాడు మా చేల దిక్కు రావద్దని రైతులు మందను అడ్డుకున్నారు. గొర్రెల మధ్య పెరిగిన మనిషి మేపే జాగా లేక మందంతా అమ్ముకున్నాడు. అడ్డుకున్న రైతుల్లో నేనూ ఉన్నాను. గుంపులో నిలబడి, అందరితో పాటు తల ఊపాను.

నా ఉద్యోగం పోలేదు. ఇప్పుడు నిజంగానే నడుస్తున్నాను, రోజూ, ఒక్క అడుగు తప్పకుండా. దానివల్ల ఎవరికేం ఒరిగింది?

ఆయన కాళ్ల మీద పడాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరూ లేనప్పుడు పోయి, చెవి వినబడే వైపు కూర్చుని, చెప్పి రావాలని. ఈమధ్యే తెలిసింది, అది కూడా దొంగ ఆలోచనేనని. బీరయ్యకు నేను చెప్పాల్సింది ఏముంది? అక్కడ ఏం జరిగిందో ఆయనకు తెలుసు. తెలియనిది ఊరికి. నలుగురు కూర్చున్న చోట నిలబడి, నా పేరుతో, నా నోటితో చెప్పాలి. అది చెయ్యలేక ఇది రాస్తున్నాను.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది. కట్టింది నేను. చెప్పినా చూడనిది నేను. మొదట ఆ పొట్టేలును కొట్టింది, తర్వాత ఆ చేతిని విరగ్గొట్టింది నేను. బీరయ్య దొంగ కాదు. ఈ మాట మీరు విన్నారు. ఆయన ఊరు ఇంకా వినలేదు.