డాక్టరు ప్రమోద గారి రెండు గీతలు

డాక్టరు ప్రమోద గారు అమెరికాలో, షికాగో దగ్గరి అరోరాలో ముప్పై యేళ్ళకు పైగా పాథాలజిస్టుగా పనిచేశారు. శరీరంలోంచి కోసి తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అది కేన్సరో కాదో తేల్చే వైద్యులు వారు. కాగితం మీద వారి సంతకం పడనిదే సర్జన్లు మళ్ళీ కత్తి పట్టేవారు కాదు. అటువంటి మనిషి సంతకం చెల్లదని, ఎన్నికలు ముగిసిన వారానికి కౌంటీ ఎన్నికల కార్యాలయం ఉత్తరం రాసింది.

తపాలాలో పంపిన బ్యాలెట్ కవరు మీది సంతకం, తమ వద్దనున్న పాత సంతకంతో సరిపోలలేదట. గడువులోగా సరిదిద్దకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదట. సరిదిద్దడమంటే మరేమీ కాదు, మళ్ళీ సంతకం చేయడమే! పార్కిన్సన్స్ అనే వణుకుజబ్బు పట్టిన ఏ కుడిచేయి తప్పు చేసిందో, ఆ చేతితోనే ఒప్పు చేసి చూపమనడం. ఈ దేశంలో నాకు అందిన ప్రతి ప్రభుత్వ పత్రమూ నా వద్ద భద్రంగా ఉంది. ఇంత మర్యాదగా రాసిన ఇంత దయలేని ఉత్తరం వాటిలో ఒక్కటీ లేదు.

"చూశారా పరంధామయ్య గారూ, నేను నేను కాదట," అన్నారు ప్రమోద గారు, గుడి ట్రస్టు నాటి నుంచీ స్నేహితుణ్ణయిన నా చేతికి ఉత్తరమిస్తూ.

అమెరికా పౌరసత్వం పుచ్చుకున్న ఏడాది మొదలు వారు ఒక్క ఎన్నికనూ విడిచిపెట్టలేదు. కూతురు మనీషా ఆ కార్యాలయానికి ఫోన్ చేసి దారి కనుక్కుంది.

"సైన్ చేయలేకపోతే ఎక్స్ పెట్టొచ్చంట అంకుల్. పక్కన ఒక విట్‌నెస్ సైన్ చేయాలంట. దట్స్ ఇట్."

ప్రమోద గారి ముఖం ఎర్రబడింది. "నన్ను వేలిముద్రల బాపతులో కలపమంటావా?"

"వేలిముద్ర కాదమ్మా, జస్ట్ ఒక మార్క్. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానే!"

పక్క ఊరు నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన మనీషాకు ఆ కోపం అర్థం కాలేదు. మా తరంలో ఒకణ్ణి నిశానీ అన్నామంటే అంతకు మించిన తిట్టు అక్కరలేదు. ప్రమోద గారు చిన్నప్పుడు బాపట్ల రిజిస్ట్రారు కచేరీలో ఒక దృశ్యం చూశారు. గుమాస్తా వాళ్ళమ్మగారి బొటనవేలిని పట్టుకొని, సిరాలో అద్ది, కాగితం మీద నొక్కి, ఆ తరువాత తన చేతిని గుడ్డతో తుడుచుకున్నాడట. ఆ ఇంటి ఆడవాళ్ళలో సంతకం నేర్చిన మొదటి మనిషి ప్రమోద గారే.

"నా పాత సంతకం ఉన్న కాగితం మీ దగ్గరేమైనా ఉందా?" అని అడిగారు.

"ఒకటేమిటండీ, గుడి ట్రస్టు మొదటి తీర్మానం నుంచీ ఉన్నాయి."

"అనుకున్నాను. మీ ఇల్లు తగలబడితే ఈ ఊరి చరిత్రే లేదు."

ఫైలు తెచ్చి ముందుంచాను. ఉదయం మాత్ర వేసుకున్నాక చేయి కాస్త కుదుటపడే వేళ చూసుకొని, వారు తమ సంతకాన్ని తామే ఫోర్జరీ చేయడానికి కూర్చునేవారు. మొదటి అక్షరం నిండుగా వచ్చేది. తరువాతివి క్రమంగా కుంచించుకుపోయి, చివరకు చీమల బారులా మిగిలేవి.

"మైక్రోగ్రాఫియా, ఈ జబ్బులో రాత ఇలాగే చిన్నదైపోతుంది," అన్నారొకనాడు కాగితాన్ని దూరంగా పట్టి పరిశీలిస్తూ. "పాఠ్యపుస్తకంలో బొమ్మకు పనికొస్తుంది. ఓటుకే పనికిరాదు."

"పోనీ వదిలేయమ్మా, ఒక్క ఓటే కదా," అంది మనీషా.

"వదిలేస్తే ఓటు పోతుంది, గీస్తే పరువు పోతుంది. ఏది పోగొట్టుకోమంటావో నువ్వే చెప్పు."

 

గడువు చివరి రోజున మనీషా మా ఇద్దరినీ కారులో కార్యాలయానికి తీసుకువెళ్ళింది. కౌంటరు దగ్గర ప్రమోద గారు చేతిసంచిలోని ఏదో పాత కవరు వెనుక ఒకసారి సంతకం చేసి చూసుకున్నారు. మళ్ళీ చీమలే. వెనుక వరుసలో జనం నిలబడి ఉన్నారు. కౌంటరులోని అమ్మాయి ఒక కాగితం ముందుకు జరిపి, చిరునవ్వుతో, ఒకదానికొకటి అడ్డంగా రెండు గీతలు చాలునంది.

సాక్షి సంతకానికి మనీషా పెన్ను తీసింది.

"నువ్వొద్దు," అన్నారు ప్రమోద గారు. "అమ్మ నిశానీకి కూతురు సాక్షి ఏమిటి? మీరు చేయండి పరంధామయ్య గారూ."

మొదటి గీత వంకరపోయింది. రెండవది దానిని దాటడానికి చాలాసేపు పట్టింది. దాని పక్కన నేను సంతకం చేశాను. గుర్తింపు కార్డు తీసి చూపబోతే, అక్కరలేదని ఆ అమ్మాయి చేయి ఊపింది. నా సంతకాన్ని దేనితోనూ పోల్చి చూడలేదు. కాగితం తీసుకొని ట్రేలో వేసింది, అంతే! నేనెవరినో ఆమెకు తెలియదు. దారిన పోయే దానయ్యను నిలబెట్టినా ఆమెకు చాలు. అర్ధశతాబ్దంగా ఈ దేశంలో ఉన్న మనిషి ఎదురుగా నిలబడితే మాత్రం ఆ మనిషి మాట చాలదు.

కొద్ది రోజులకు మనీషా ఫోన్ తెచ్చి తల్లికి చూపించింది. "కౌంట్ అయింది అమ్మా! హ్యాపీనా?"

"అయితే వీరి సంతకం చెల్లిందన్నమాట," అన్నారు వారు నా వైపు చూస్తూ.

ఏప్రిల్‌లో స్థానిక ఎన్నికలున్నాయి. ఈసారి పోలింగ్ కేంద్రానికే వెళదామని మనీషా అంది. అక్కడా మొదట అడిగేది సంతకమేనని నేను చెప్పవలసి వచ్చింది. ప్రమోద గారు కుడిచేతిని ఎడమచేతితో అదిమిపట్టారు.

"ఏప్రిల్‌లో మీరు ఊళ్ళోనే ఉంటారా?" అని అడిగారు.

ఉంటానన్నాను.